మాటలో బరువు ఎక్కడ పడాలి

ఫిబ్రవరి 3
మిరపకాయలు కళ్ళంలో ఆరబోశాం. ఎండ బాగుంది. కోడలు సుజాత రంగు పోయిన తాలుకాయలు ఏరుతూ ఇంగ్లీషు గొణుక్కుంటోంది. గుంటూరులో ఏదో స్కూల్లో టీచరు ఉద్యోగానికి వెళ్తుందట. పదకొండున అందరి ముందూ పైకి చదివించి చూస్తారట. నన్ను చూసి ఆపేసింది. నేనూ పక్కకు వచ్చేశాను.

ఫిబ్రవరి 4
మబ్బు. కాయల మీద పట్టలు కప్పాం.

ఫిబ్రవరి 5
మా వాడితో అంటోంది — "ఒక్కదాన్నే అయితే వస్తుందండి. ఎదురుగా మనిషి ఉంటే నోరు పెగలదు."
"నాన్న ముందు చదువు. ఆయన ఎటూ మాట్లాడడు" — వాడి నవ్వు.
నా ఎదుట ఎన్నడూ కూర్చోలేదు ఆ పిల్ల. అన్నం పెట్టమంటారా అని అడగడం కూడా తలుపు చాటు నుంచే. మా ఇళ్ళలో మర్యాద అది...

ఫిబ్రవరి 6
నేనే కళ్ళం పక్కన కుర్చీ వేశాను. "కూర్చో అమ్మా. చదువు." అంతవరకే వచ్చింది నోట. కూర్చుంది, అంచు మీద.
పుస్తకంలో పొడుగు మాటలను విడగొడుతూ పెన్సిలు గీతలు. రి–స్పాన్–సి–బిల్–ఇ–టీ. బరువంతా బిల్ మీదే పడాలట, మిగతావి తేలిగ్గా పోవాలట. తను అన్నిటినీ సమానంగా నొక్కుతోంది, తెలుగు చదివినట్టే.

ఫిబ్రవరి 8
ఫోటోగ్రాఫ్ — బరువు మొదట్లో. ఫొటాగ్రఫీ — రెండో ముక్క మీద. ఫోటోగ్రాఫిక్ — ఇంకా వెనక్కి.
"చివర తోక మారితే బరువు జరుగుతుంది మామయ్యా."
"బండి వెనక ఇంకో బస్తా వేసినట్టా?"
"అదే!" నవ్వింది.
కూలికొచ్చిన కోటమ్మ కేక — "ఏందమ్మో, మామా కోడలూ బడి పెట్టారే! మాకూ పలకలు కొనండి!"
సుజాత తల దించుకుంది. లేవలేదు మాత్రం.

ఫిబ్రవరి 11
మా వాడికి పొలంలో పని. బస్సులో నేనే తోడు వెళ్ళాను. గది బయట బెంచీ. లోపలి నుంచి సుజాత గొంతు. రిస్పాన్సి... ఆగిపోయింది. ఎంతకీ కదలదు.
మళ్ళీ మాట మొదటి నుంచి ఎత్తుకుంది. దాటింది.
బయటికి వచ్చి అంది — "ఆగిపోయాను మామయ్యా."
"విన్నాను. దాటడం కూడా విన్నాను."
ఫోన్ చేస్తామన్నారట.

ఫిబ్రవరి 14
ఫోన్ రాలేదు. కోటమ్మ అడిగింది, "ఏమయిందమ్మా నీ ఉద్యోగం?"
"వీళ్ళు కాదంటే ఇంకో స్కూల్లో చదువుతా పిన్నీ." గట్టిగానే అంది. నేను అక్కడే ఉన్నాను.
ఫోన్ కాయల పక్కన ఎండలో కాలుతోంది. తీసి నీడలో పెట్టాను.