పాస్టరుగారు మెట్లెక్కిన రోజు

స్టూర్‌వోగ్,
11 అక్టోబరు 1998, ఆదివారం.

తూరిడ్‌కు గుడ్రున్ రాస్తున్నది.

నువ్వూ మీ అమ్మా కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ అందరం క్షేమమని రాయబోయి ఆగాను. మార్చిలో నా భర్త తోరాల్ఫ్ పోయాడు. సముద్రంలో కాదు. ఇంటి ముందు మంచు ఎత్తిపోస్తూ పార మీదే ఒరిగిపోయాడు. గుండె. నలభై ఏడేళ్లు. వాళ్ల నాన్నా ఇంచుమించు ఆ వయసులోనే పోయాడు. మూడేళ్ల కిందట నువ్వు మా ఊరికి వచ్చిందే గుండెజబ్బు వంశంలో దిగే అలాంటి ఇళ్ల కోసం కదా.

నువ్వు ఆ జబ్బు పరిశోధన ఉద్యోగం మానేసి బెర్గెన్‌లో కళ్లద్దాల దుకాణంలో చేరావని పాస్టరుగారి భార్య చెప్పింది. జనంతో మాట్లాడే పని నీకు చేతకాదని అన్నావట. అది విన్నప్పటినుంచి నీకు రాయాలని ఉంది.

చేతకాకపోవడం ఏమిటి? అంతకుముందు డాక్టర్లు పంపిన కాగితాలతో మేం పొయ్యి ముట్టించుకున్నాం. నువ్వేమో చేపల షెడ్డులోకి వచ్చి మాతోపాటు కత్తి పట్టావు. ఈ జబ్బు తండ్రినుంచి పిల్లలకు ఎలా దిగుతుందో, రక్తంలో ముందే కనిపెడితే మందు ఎలా పనిచేస్తుందో, చేపలు కోస్తూనే చెప్పావు. దోమలు ఊరికే రక్తం తాగిపోతాయి, ఈ పిల్ల కాఫీ పోసి, వాఫుల్ అట్లు పెట్టి మరీ తాగుతుందని ముసలి పెడర్ ఎగతాళి చేసేవాడు. ముందు నువ్వు కాస్త ఒళ్లు చెయ్యి, అప్పుడు తాగుతాలే అని నువ్వు ఇంకో వాఫుల్ అతని చేతిలో పెట్టావు. షెడ్డంతా నవ్వింది. ఆ వారం చాలామంది ఆడవాళ్లు రక్తం ఇవ్వడానికి సరేనన్నారు.

తర్వాత ఆ ఫిబ్రవరిలో, ఇంటింటికీ తిరిగి పరీక్షకు పేర్లు రాసుకోవడానికి, పాస్టరుగారిని వెంటబెట్టుకొచ్చావు. ఆయన మాటకు విలువ ఉంటుందనుకున్నావు. నువ్వు లోపలి పొలాల ఊళ్లో పుట్టినదానివి. పడవలు సముద్రంలో ఉండగా పాస్టరు నల్లకోటు వేసుకుని మెట్లెక్కితే మా తీరంలో దానికి ఒకటే అర్థం, ఆ ఇంటి మనిషి ఇక తిరిగి రాడని. పక్కింటి ఓసే తలుపు తీసి ఆయన్ని చూసి అక్కడే కూలబడింది.

"మొగుడా, కొడుకా? చెప్పండి, ఎవరు?" అంది.

సాయంత్రానికి ఊరంతా తలుపులు బిగించుకుంది. నువ్వు ప్రతి గుమ్మం దగ్గరా నిలబడి క్షమించమన్నావు. నేనూ లోపలికి రమ్మనలేదు. పరిశోధనవాళ్లు మా ఊరిని వదిలేసి పక్క దీవికి వెళ్లిపోయారు. నువ్వు ఊరు విడిచిన రోజు బస్సు దాకా ఎవరూ రాలేదు.

మా ఐవిన్‌కు ఇరవై నిండాయి. తండ్రి పడవ ఇప్పుడు వాడే నడుపుతున్నాడు. వల లాగాక కాసేపు రెయిలింగు పట్టుకుని నిలబడతాడట, తోటివాళ్లు చెప్పారు. పరీక్ష చేయించుకోరా అంటే నా మాట వినడం లేదు. నువ్వంటే వాడికి గురి. ఒక్కసారి వచ్చి చెబుతావా? ఉద్యోగంగా కాదు, నా కోసం. పై గది ఖాళీగానే ఉంది.

ఇట్లు,
గుడ్రున్

తా.క. కవరు అంటించబోయి మళ్లీ తెరిచాను. ఊరు తలుపులు బిగించుకున్నది పాస్టరు వల్ల కాదు, తూరిడ్. ఓసే మర్నాటికే తేరుకుంది, తన కంగారుకు తనే నవ్వుకుంది. గుండె బాగాలేదని తేలితే డాక్టరు సముద్రానికి వెళ్లేందుకు కాగితం ఇవ్వడని మగవాళ్లకు భయం. పేర్లు ఇవ్వొద్దని అంతకుముందే అనుకున్నారు, పైకి చెప్పడానికి నామోషీ. "పాపం, సాకు ఆ పిల్లే తెచ్చిచ్చింది," అన్నాడు తోరాల్ఫ్, మా వంటగదిలోనే. నేనప్పుడు ఆ మగవాళ్లకు కాఫీ పోస్తున్నాను. పక్క దీవిలో జబ్బు బయటపడ్డవాళ్లు మందు మింగుతూ ఇప్పటికీ పడవల మీదే ఉన్నారు. అది ఐవిన్‌కు చెప్పాను. ఊరికే అంటారు, కాగితం పోతే నువ్వు తెచ్చిస్తావా అని అడిగాడు.