బానెట్ మీది ఫ్రేము

మన భాగ్యశ్రీ బాపూ,

నేను డ్యూటీకి పోతున్న. అన్నం, పచ్చిపులుసు మూతపెట్టి ఉన్నయి. ముందు తిను, తర్వాత పాత పికప్ కాడికి పో. బానెట్ ఎత్తి చెయ్యి ఇడిసిపెట్టు, మీద పడదు. ఆనించే కట్టెను వెతకకు, చెత్తబండిల ఏసిన.

బానెట్ నిలుస్తలేదని, దాన్ని లేపి పట్టే స్ప్రింగులు పోయినయనుకొని, నిన్న మా తమ్ముడు నగేష్‌తోని విప్పించి ఉస్మాన్‌గంజ్‌ల సామాన్ల దుకాణానికి తీస్కపోయిన. దుకాణం ఆయన చూసి, "స్ప్రింగ్ ఠీక్ హై అమ్మా, బానెట్ మీద ఏం బరువు పెట్టిన్రు?" అని అడిగిండు. అప్పుడు సమజైంది. బోనాలకు పికప్‌ను తల్లికి నైవేద్యం తీస్కపోయే ఫలహారం బండి లెక్క కట్టెటందుకు నువ్వు బిగించిన ఇనుప ఫ్రేము. ఎండిన వేపమండలు ఏటేటా తీసేస్తవు, ఫ్రేమును మాత్రం దేవునిదని ముట్టవు. కట్టె జారినప్పుడల్లా బానెట్‌ను నెత్తితోని ఆపుకుంట పని చేస్తవు, వద్దంటే నవ్వుతవు.

పాత స్ప్రింగులే మళ్ళ ఎక్కించినం. ఫ్రేముకు పసుపు కుంకుమ పెట్టి, దండం పెట్టుకున్నంకనే ఊడదీసినం. మెట్ల కింద బట్ట చుట్టి పెట్టిన. బోనాలప్పుడు మళ్ళ నువ్వే బిగించుకో.

కళావతి

కోపం చెయ్యకు. ఆ ఫ్రేము తల్లికి ఏడాదికి ఒక్కదినమే కావాలె. నీ తలకాయ నాకు దినాం కావాలె.