మోనిషకు ఉలవ గంజి మానిపించండి

ధనం వదినకు,

మీరు ఫోన్ తీయడం లేదు కాబట్టి రాస్తున్నాను. మీ కోడలు శివరంజని సీమంతంలో నేను గాజులు తొడగబోతే మీరు పళ్ళెం లాక్కుని, "ముందర నీ ఒళ్ళు కరిగించుకో. బిడ్డ లేనిది తొడిగితే దానికేమన్నా అయితే?" అన్నారు. అది నేను మరిచిపోను. కానీ ఈ ఉత్తరం మీ కూతురి గురించి.

నిన్న మోనిష మా మిల్లు గేటు దగ్గరికి వచ్చింది. "నాలుగు నెలలాయె అత్తా, బయట చేరలే. లావైపోతావుండానని అమ్మ రెండు పూటలా ఉలవ గంజే పోస్తుంది. స్కూల్లో కండ్లు తిరిగి మయక్కమొచ్చి పడినాను" అంది.

నాకూ అదే గంజి పోశారు. డాక్టరిచ్చిన మాత్రలు ఒళ్ళు పెంచుతాయని పారేశారు. అప్పుడప్పుడూ వచ్చే నెలసరి పూర్తిగా ఆగిపోయింది. ఒళ్ళు పెరగడానికీ, నెలసరి రాకపోవడానికీ కారణం హార్మోన్లేననీ, పస్తులుంటే ఇంకా చెడుతుందనీ డాక్టరమ్మ మీ ఎదుటే చెప్పింది.

శనివారం మోనిషను ఆమె దగ్గరికి తీసుకువెళ్తాను. పెళ్ళికాని పిల్లను ఆ ఆడవాళ్ళ ఆసుపత్రిలో చూస్తే సంబంధాలు రావని మీ భయం. ఎవరడిగినా వైద్యం నాకేననీ, తను తోడుగా వచ్చిందనీ చెబుతాను. నా గురించి ఊరికి కొత్తగా తెలిసేదేమీ లేదు.

మీ తమ్ముని భార్య