పెట్టె మీద సాలెపురుగు

సుస్మితా,

బద్ధకంతో అటక ఎక్కడం లేదని నా గురించి మీ అమ్మతో అన్నావట. బద్ధకం కాదు, భయం. ముప్పై ఏళ్లు బడిపిల్లలను బెదిరించినదాన్నే అయినా, సాలెపురుగు కనిపిస్తే ఆ దిక్కుకే పోను. మీ అన్న ఉన్నప్పుడు "బాపమ్మా, నువ్వు కండ్లు మూసుకో, నేను తీస్త" అనేవాడు. ఇప్పుడు వాడే మస్కట్‌లో చిక్కుకున్నాడు. వాణ్ని రప్పించడానికి కావలసిన కాగితాల నకళ్లు అటక మీది పెట్టెలో ఉన్నాయి, పెట్టె మీద సాలెపురుగు ఉంది.

నిన్న ఎక్కాను. సాలెపురుగు మీద గ్లాసు బోర్లించి, అన్నను మస్కట్ పంపి పత్తా లేకుండా పోయిన ఏజెంటు విజిటింగ్ కార్డును కిందికి తోసి, పట్టుకొచ్చి బయట వదిలాను. ఆ కార్డు మనకు పనికొచ్చింది ఈ ఒక్కసారే.

నకళ్లు, కార్డు ఈ ఉత్తరం కవరులోనే పెట్టాను. జగిత్యాల కలెక్టరాఫీసులో ఇచ్చే ఫిర్యాదుకు జతచేసి రశీదు తీసుకో. అన్న ఫోన్ చేస్తే, బాపమ్మ కండ్లు తెరిచే పట్టిందని చెప్పు. వచ్చేటప్పుడు బూజుకర్ర ఒకటి తే, పొడవుది.