గుమ్మం బయట ఇద్దరం

హెలెన్ అత్తయ్య గారికి మీ మేనకోడలు మన ఇంటి మెట్ల మీద కూర్చుని రాస్తున్నది.

ఫోన్లో అయితే "కుక్క" అనగానే పెట్టేస్తారు. అందుకని ఈ కాగితం తలుపు కింద నుంచి తోస్తున్నాను. దయచేసి చివరిదాకా చదవండి.

నా స్నేహితురాలు నస్రత్ కుక్కని పెంచుకుంటానంటే తోడుగా షెల్టర్‌కి వెళ్లాను. అంతే, ఒట్టు. మమ్మల్ని చూడగానే అక్కడి కుక్కలన్నీ, పెళ్లిచూపుల్లో మీరు చెయ్యమన్నా నేను చెయ్యనివన్నీ చేశాయి. తలొంచుకున్నాయి, సిగ్గుపడ్డాయి, ఒకటైతే పాట కూడా పాడింది. ఒక్క ముసలిది మాత్రం గోడవైపు తిరిగి పడుకుంది. దాని వీపు చూస్తేనే నాకు ఏడుపొచ్చింది.

"మూడు నెలలైందమ్మా, ఎవరొచ్చినా ఇటు తిరగదు" అన్నాడు అక్కడ పనిచేసే రహమాన్.

సరిగ్గా అప్పుడే మీ ఫోనొచ్చింది. "వందనాలు అత్తయ్యా" అన్నాను. ఆ ముసలిది గభాల్న లేచి కూర్చుని ముందుకాళ్లు రెండూ జోడించింది!

"ఓర్నీ, పాస్టరు గారింటి దానివా!" అన్నాడు రహమాన్. "ఇన్నాళ్లూ నీకు సలాం కొడుతున్నాను కదే!"

వందనాలు చెప్పినవాళ్లని గుమ్మంలో నిలబెట్టకూడదని మీరేగా అంటారు? ప్రస్తుతం ఇద్దరం గుమ్మంలోనే ఉన్నాం. మీరు వద్దంటే సాయంత్రంలోగా తిరిగి అప్పజెప్పాలి. అది మళ్లీ గోడవైపు తిరిగి పడుకుంటుంది.

అయ్యో, కిటికీ తెర కదిలింది. చూసేశారు. అత్తయ్యా, అది మిమ్మల్ని చూసి తోక ఊపుతోంది. నాకూ ఉంటే ఈపాటికి ఊపేదాన్నే.

మీ మేనకోడలు