ఎలుగుబంటి పెట్టిన ఒట్టు

వేన్‌బరో,
మార్చి 8, 1951

రాష్ట్ర కుస్తీ లైసెన్సుల విభాగం వారికి,

అయ్యా లేక అమ్మా,

వెండెల్ ప్రూయిట్ నమస్కరించి రాసుకునేది. ఇక్కడ నేను, నా భార్య లొరెట్, మా అమ్మాయి మార్గీ క్షేమం. మీరూ మీ విభాగమూ క్షేమమని తలుస్తాను.

కుస్తీ పట్టే ప్రతివాడూ దేశానికి విధేయుణ్ణని ఒట్టు పెట్టి సంతకం చేయాలనీ, చేయనివాడికి ఈ ఏడు లైసెన్సు లేదనీ మీరు పంపిన కాగితం అందింది. నాకేం అభ్యంతరం లేదు. ఒకటి చాలదేమోనని రెండు చోట్ల సంతకం చేశాను. నేను కమ్యూనిస్టును కాను. ప్రభుత్వాన్ని కూలదోసే ఉద్దేశం లేదు. పచ్చిక కోసే యంత్రం అరువు తీసుకుని తిరిగివ్వని మా పక్కింటాయన్నే ఇంతవరకు కూలదోయలేదు.

ఒక్కటే మనవి. ఒట్టు కాగితాలన్నీ హాలు గుమ్మంలో నలుగురూ చదివేలా అంటిస్తామని అడుగున రాశారు. దయచేసి నాది అంటించకండి. ప్రతి బుధవారం సంత మైదానం హాల్లో గడ్డం అతికించుకుని, 'సైబీరియా ఎలుగుబంటి ఇగోర్' అనే పేరుతో తన్నులు తినేవాణ్ణి నేనే. టీవీలో కూడా వేస్తారు. జనం టిక్కెట్టు కొనేది ఇగోర్‌ను తిట్టడానికే. గుమ్మంలోనే 'అమెరికా నా ప్రాణం' అని ఇగోర్ సంతకం కనిపిస్తే లోపలికొచ్చి ఎవరిని తిడతారు? తిట్లు లేకపోతే నాకు పని లేదు. నాకు చేతనైన పని ఇదొక్కటే.

ఇట్లు,
మీ విధేయుడు (ఈ మాట కూడా ఒట్టు పెట్టే రాస్తున్నాను),
వెండెల్ ప్రూయిట్

తా.క.: జవాబు కవరు మీద 'ఇగోర్' అని రాయకండి. మా పోస్ట్‌మాన్ మనసు మంచిదే గానీ గుండె మంచిది కాదు.

*

రాజధాని,
మార్చి 15, 1951

మిస్టర్ ప్రూయిట్ గారికి,

మీ ఉత్తరం చేరింది. నేను ఈ విభాగంలో పద్దెనిమిదేళ్ళుగా గుమస్తాను. దేశద్రోహం దాచిపెట్టమని అడిగినవాళ్ళు కూడా మాకు ఇంతవరకు తగల్లేదు. దేశభక్తి దాచిపెట్టమన్నవారు మీరొక్కరే. మా పైఅధికారి డాబ్నీ గారు మీ ఉత్తరం రెండుసార్లు చదివి, కళ్ళజోడు తుడుచుకుని మూడోసారి చదివారు. తప్పు లేనివాడు దాచమని ఎందుకంటాడని ఆయన ప్రశ్న.

ఇంకొకటి. పుట్టిన చోటు నెబ్రాస్కా అని ఫారంలో రాశారు. పోస్టర్ల మీదేమో 'సైబీరియా మంచులో పుట్టి, తోడేలు పాలు తాగి పెరిగినవాడు' అని ఉంది. రెండింట్లో ఏది అబద్ధమో రాతపూర్వకంగా తెలపాలి.

మరొకటి. ఫిబ్రవరి 28న మీరు మైకు లాక్కుని టీవీలో రెండు నిమిషాల పాటు రష్యా భాషలో అరిచారు. దాని అర్థం కూడా కావాలి.

ఇట్లు,
వెర్నా కటిల్ (మిస్)

తా.క.: ఇది విభాగం తరఫున కాదు. మా అమ్మకు డెబ్భై ఎనిమిదేళ్ళు. మీరు తెర మీదికి రాగానే చెప్పు విసురుతుంది. పచ్చి ఉల్లిపాయ నిజంగానే కొరుకుతారా అని అడగమంది.

*

వేన్‌బరో,
మార్చి 20

మిస్ కటిల్ గారికి,

ఫారం నిజం, పోస్టరు అబద్ధం. తోడేలు సంగతి మా హాలు యజమాని కల్పన. నాకు చిన్నప్పుడు ఆవుపాలే పడేవి కాదు.

నాకు రష్యా భాష ఒక్క ముక్క రాదండీ. మా నాన్న రైల్లో కండక్టరు. వచ్చే స్టేషను పేరు పెట్టె పెట్టెకూ తిరిగి అరిచేవాడు. సెలవుల్లో ఆయన వెనకే తిరిగి ఆ వరస నేర్చుకున్నాను. గోదాలో కోపం తెచ్చుకోవలసి వచ్చినప్పుడల్లా ఆ పేర్లే, నోట్లో వేడి బంగాళాదుంప ఉన్నట్టు అరుస్తాను. కియర్నీ! లెక్సింగ్టన్! గోథెన్‌బర్గ్! ఒగల్లాలా! ఒగల్లాలా వచ్చేసరికి జనానికి ఒళ్ళు మండిపోతుంది. నాన్న పోయి నాలుగేళ్ళయింది. హాలంతా నన్ను తిడుతున్నప్పుడు ఆయన వరస తప్పకుండా చెప్పగలిగితే ఆ పూటకి నాకు అదే తృప్తి.

నేనెలాంటివాణ్ణో నా ప్రత్యర్థి కెప్టెన్ లిబర్టీని అడగండి. అసలు పేరు ఎలైజా హాడ్లీ. బుధవారం జెండా గుడ్డల్లో వచ్చి నన్ను నేలకేసి కొడతాడు, ఆదివారం మా ఇంటికొచ్చి లొరెట్ చేసిన 'యాపిల్ పై' రెండు ముక్కలు తింటాడు. బంగారం లాంటి మనిషి.

ఇట్లు,
మీ విధేయుడు,
వెండెల్ ప్రూయిట్

తా.క.: ఉల్లిపాయ నిజమే. కళ్ళలో నీళ్ళు కారితే జనం అది క్రౌర్యం అనుకుంటారు. ఇంట్లో లొరెట్ మాత్రం ఉల్లిపాయే అనుకుంటుంది. బుధవారాలు నా పడక సోఫాలో.

*

రాజధాని,
ఏప్రిల్ 2

మిస్టర్ ప్రూయిట్ గారికి,

మీ సంజాయిషీతో వ్యవహారం తేలిపోతుందనుకున్నాను. పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టయింది. డాబ్నీ గారు గోడకు రైల్వే పటం తగిలించి, మీరు అరిచిన ఊళ్ళన్నిటినీ ఎర్ర పెన్సిలుతో కలిపారు. గీత తిన్నగా పడమటికి పోతోంది.

"చూశారా మిస్ కటిల్! దేశానికి అడ్డంగా పోయే రైలుమార్గం! స్టేషన్లు వరసగా! అదీ టీవీలో! ఎవరికి చెబుతున్నాడంటారు?" అన్నారు.

"ఆ వివరాలున్న పుస్తకం ఏ స్టేషన్లో అడిగినా ఊరికే ఇస్తారండీ" అన్నాను.

"అదేనమ్మా వాళ్ళ తెలివి!" అన్నారు.

ఆయన్ని తప్పు పట్టకండి. వచ్చే ఏడు ఎన్నికల్లో నిలబడదామని చూస్తున్నారు. ఒక్క ఎర్రవాణ్ణయినా పట్టుకోకుండా ఓట్లడగడం బాగుండదని ఆయన బెంగ.

ఏప్రిల్ 20న మీకు విచారణ. సాక్షిగా హాడ్లీ గారిని తీసుకురండి. ఆయన ఒట్టు కాగితం ఇంకా మాకు రాలేదు, అదీ తెమ్మనండి. మరిచిపోయి ఉంటారు. కెప్టెన్ లిబర్టీ అంతటివారికి ఒట్టు ఒక లెక్కా!

ఇట్లు,
వెర్నా కటిల్

తా.క.: మీకొక శుభవార్త. అమ్మ కుస్తీలు చూడటం మానేసింది. బుధవారం బుధవారం చర్చి ఆడవాళ్ళతో దుప్పట్లు కుట్టడానికి వెళుతోంది. మీకు చెప్పుల బాధ వదిలింది.

*

వేన్‌బరో,
ఏప్రిల్ 25

మిస్ కటిల్ గారికి,

విచారణ రోజున మీరిచ్చిన కాఫీ మరిచిపోలేను. యుద్ధంలో ఇటలీలో రెండేళ్ళు సైన్యానికి వంట చేశానంటే, "అక్కడా కమ్యూనిస్టులున్నారుగా" అన్నారు డాబ్నీ గారు. నా వంట తిన్నాక ఏ పార్టీవాడూ లేచి తిరుగుబాటు చేసే స్థితిలో లేడని చెప్పాల్సింది. ఇంటికొచ్చాక గానీ తట్టలేదు.

నాకు లైసెన్సు వచ్చింది. ఏం లాభం? నాకు సాక్ష్యం చెప్పడానికొచ్చిన ఎలైజా మునిగాడు. మీరు చూడనే చూశారు. వాళ్ళు క్వేకర్లనే క్రైస్తవ శాఖవాళ్ళు. ఆ ఇంట్లో తాతల నాటి నుంచి ఎవరూ దేనికీ ఒట్టు పెట్టరు. అవునంటే అవును, కాదంటే కాదు.

"ఒట్టు పెడితేనే నా మాట నిజమైతే, ఇన్నాళ్ళూ నేను చెప్పినవన్నీ అబద్ధాలనేగా?" అని చేతులు కట్టుకుని కూర్చున్నాడు. పిల్లల చేత సెల్యూట్లు కొట్టించుకునే కెప్టెన్ లిబర్టీకి లైసెన్సు లేదు. సైబీరియా ఎలుగుబంటికి ఉంది.

జూలై నాలుగున, దేశం పండగ నాడు, మా ఇద్దరికీ ఛాంపియన్ బెల్టు పోటీ. వాడు లేకపోతే నన్నెవరు కొడతారు? వాడికి ఇద్దరు పిల్లలు. ధాన్యం గోదాములో పని అడుగుతున్నాడు. నాకు మనసు మనసులో లేదు. వీలుంటే నా రెండు సంతకాల్లో ఒకటి వాడి ఖాతాలో వేసుకోండి.

ఇట్లు,
వెండెల్

తా.క.: చిన్న ఫిర్యాదు. మూడు వారాలుగా ఆకుపచ్చ టోపీ పెట్టుకున్న ముసలావిడ ఒకావిడ గోదా ఎక్కి, బాతు తల పిడి ఉన్న గొడుగుతో నా ఎడమ భుజం మీద బాదుతోంది. ఆవిడ గురి ఎలైజాకు కూడా లేదు. విభాగం ఏమైనా చేయగలదా?

*

రాజధాని,
మే 3

వెండెల్ గారికి,

నిబంధన పదిహేడు ప్రకారం, ప్రత్యర్థి లైసెన్సు లేక రాలేకపోతే వచ్చినవాడే గెలిచినట్టు. అంటే జూలై నాలుగున ఈ రాష్ట్రపు బెల్టు సైబీరియాకు పోతుంది. ఆ రోజు ముఖ్య అతిథి డాబ్నీ గారే. బెల్టు ఆయనే స్వయంగా కట్టాలి. ఫొటోగ్రాఫర్లను కూడా ఆయనే పిలిచారు. ఈ సంగతి నేను చెప్పినప్పటి నుంచి తలుపేసుకుని కూర్చున్నారు.

"నిబంధన సడలిస్తే పోలేదా?" అని తలుపు బయటి నుంచే అడిగాను.

"ఇవాళ నిబంధన సడలిస్తే రేపు వాషింగ్టన్ వదులుకోవాలి" అని లోపల్నుంచి వినిపించింది.

మీ ఒట్టు కాగితం మాత్రం అంటించక తప్పదు. పండగ రోజు పొద్దున నేనే వచ్చి అంటిస్తాను. నన్ను క్షమించండి.

ఇట్లు,
వెర్నా కటిల్

తా.క.: బాతు తల గొడుగు ఈ చుట్టుపక్కల ఒక్కటే ఉంది. మా ఇంట్లో. వానలు లేకపోయినా వంకరపోయి ఉంది. సిగ్గుతో చచ్చిపోతున్నాను. అమ్మను నిలదీస్తే "దుప్పట్లు కుట్టడం మాటలనుకున్నావా?" అంది. ఆవిడకు ఏ శిక్ష పడుతుందోనని నిబంధనలన్నీ తిరగేశాను. గోదాలోకి దిగే వస్తాదుకు లైసెన్సు ఉండాలని ఉంది. టిక్కెట్టు కొన్న ప్రేక్షకులు దిగితే ఏం చేయాలో ఎక్కడా లేదు. ఈ మాట మీకెందుకు రాస్తున్నానో నాకే తెలియదు.

*

వేన్‌బరో,
మే 9

వెర్నా గారికి,

మీ తా.క. నేను మూడుసార్లు చదివాను. లొరెట్ ఒక్కసారే చదివి, "ఇంకా చూస్తావేం, వెళ్ళి ఎలైజాకు టిక్కెట్టు కొను!" అంది. మొదటి వరస, నాలుగో కుర్చీ.

ఎలైజా సంగతి అలా గట్టెక్కుతుందేమో. నాకే భయంగా ఉంది. గుమ్మంలో నా ఒట్టు చదివాక ఆ రోజు జనం తిట్టకపోతే ఇగోర్ కథ ముగిసినట్టే. గడ్డం మార్గీ తన బొమ్మకు అడుగుతోంది.

ఇట్లు,
వెండెల్

తా.క.: అమ్మగారిని ఏమీ అనకండి. గోదాలో నన్ను మనస్ఫూర్తిగా కొట్టేది ఆవిడొక్కతే.

*

రాజధాని,
జూలై 6

ప్రియమైన వెండెల్ గారికి,

మీరు చాలాసేపు నేల మీద బోర్లా పడి ఉన్నారు కనుక, మీకు కనిపించనివి రాస్తున్నాను.

పొద్దున మీ ఒట్టు గుమ్మంలో అంటించాను. సాయంత్రం ఒక రైతు దాన్ని పైకి చదివాడు. వాళ్ళావిడ, "ఎవరయ్యా ఈ వెండెల్?" అంది.

"మన ఇగోరేనే. నెబ్రాస్కావాడు."

"ఆ గడ్డం అతికించిందని మొదటి రోజే చెప్పానుగా. పద పద, మంచి సీట్లు పోతాయి!"

అంతే. వెనకవాళ్ళూ చదివారు, నవ్వుకున్నారు, లోపలికెళ్ళి మీకు ఏడు తరాలకు సరిపడా తిట్లు తిట్టారు. మీరు మైకు అందుకుని వరస మొదలుపెట్టగానే హాలంతా మీతోపాటు "ఒగల్లాలా!" అని అరిచింది. మీ నాన్నగారు ఆ రోజు ఉండి ఉంటే ఎంత బాగుండేదో. నేనూ అరిచాను. నాకు ఏడుపొచ్చింది, ఉల్లిపాయ లేకుండానే.

డాబ్నీ గారు బెల్టు పట్టుకుని, ఉరికంబం ఎక్కుతున్నవాడిలా మెట్లెక్కారు. అప్పుడే నాలుగో కుర్చీలోని పెద్దమనిషి కోటు విప్పి, మడిచి, కుర్చీ మీద పెట్టి గోదాలోకి దూకారు. తర్వాతది మీకు తెలుసు, మీ వీపుకు తెలుసు. మీకు తెలియనిది ఏమిటంటే, డాబ్నీ గారు ఆనందం పట్టలేక లైసెన్సు అడగడం మరిచిపోయారు. ఈ రాష్ట్రం మొత్తంలో ఒట్టు పెట్టనన్న ఒకే ఒక్క మనిషిని కౌగిలించుకుని, బెల్టు కట్టి, ఫొటో దిగారు. మర్నాడు పొద్దున్నే పేపర్లో మొదటి పేజీ. ఎన్నికల పోస్టరు మీద కూడా అదే వేయిస్తారట.

ఇక పోస్టరు మీదున్న మనిషికి లైసెన్సు లేదంటే ఎలా? ఒట్టు పెట్టడం ఇష్టం లేనివారు 'అవును' అని రాస్తే చాలని నిన్న నిబంధన సవరించారు. హాడ్లీ గారు ఫోనులోనే "అవును" అన్నారు. కాగితం వెనకాల వస్తోంది.

మీ పనికీ ఢోకా లేదు. జనానికి ముందు నుంచీ తెలుసు, వెండెల్ గారూ. తెలియనిది మా ఆఫీసుకే.

ఇట్లు,
మీ శ్రేయోభిలాషి,
వెర్నా

తా.క.: (ఇది వెర్నా రాత కాదు, వాళ్ళమ్మను.) అబ్బాయీ, మా అమ్మాయి చేతిసంచిలో నీ ఉత్తరాలు మార్చి నుంచీ చదువుతున్నాను. తిట్లు లేకపోతే నీకు పని పోతుందని తెలిశాకే బస్సెక్కాను. నువ్వు నిజంగా రష్యావాడివైతే నీ దగ్గరికొచ్చే ధైర్యం నాకెక్కడిది? మనవాడివని తెలిసే కొట్టాను. ఎడమ భుజం నొప్పని రాశావుగా, మే నెల నుంచి కుడి భుజం మీదే వేస్తున్నాను, గమనించావో లేదో. వచ్చే బుధవారం ఏ భుజమో ముందే ఒక కార్డు ముక్క రాసి పడెయ్.