శిరీష బల్ల మీది సీసా

ఆదివారం, జడ్చర్ల

నా బిడ్డ శిరీష ఆసియా పోటీల్లో పదివేల మీటర్ల పరుగులో మూడో స్థానంలో వచ్చింది. సాయంత్రం వాడకట్టంతా మా ఇంట్లోనే, టీవీ ముందు. ఆఖరి రెండు చుట్లలో అది నలుగురిని దాటింది. అందరూ చప్పట్లు కొడుతుంటే నేను దాని ఎడమ భుజాన్నే చూస్తున్నాను. చిన్నప్పటి నుంచీ అలసిపోతే ఆ భుజం కిందికి జారుతుంది. ఇవాళ జారలేదు.

తర్వాత వీడియో కాల్ చేసింది. దాని వెనక బల్ల మీద తెల్ల సీసా ఒకటి కనబడింది.

"గదేంది బిడ్డా?"

"విటమిన్ గోలీలమ్మా. కొత్త కోచ్ సార్ ఇచ్చిండు."

"సీసా మీద బ్యాచ్ నంబర్ జర చదువు."

"లేబుల్ లేదమ్మా, సారే పీకేసిండు. గెలిచిన దినం గూడ నీ కంపెనీ ముచ్చటేనా?"

ఎందుకు పీకేశాడు? విటమిన్ గోలీలకు పేరు దాచే అవసరం ఎవరికుంటుంది? నాది వట్టి అనుమానమే కావచ్చు. మంచి తర్ఫీదు దొరికితే భుజం కూడా గట్టిపడుతుందేమో. పరుగు కాగానే నిషేధించిన మందుల పరీక్షకు మూత్రం తీసుకున్నారట, ఫలితం ఇంకా రాలేదట. అది చెబుతూ నవ్వింది. దానికేమీ తెలియదా, నాకు తెలియకూడదనా...

పన్నెండేళ్లుగా మందుల కంపెనీలో ప్యాకింగ్ పని చేస్తున్నాను. బెల్టు మీదికి లేబుల్ లేని సీసా ఒక్కటి వచ్చినా, ఎవరినీ అడక్కుండా లైనంతా ఆపేస్తాను.

ఇవాళ మాత్రం "మంచిగ పండుకో బిడ్డా" అని ఫోన్ పెట్టేశాను.